కర్నూలులో ప్యాచ్ టెస్ట్: మైల్డ్ షాంపూ కూడా పడనివాళ్ళ కోసం

ఒంటికి ఏ వస్తువు పడటం లేదో తేల్చి చెప్పే ప్యాచ్ టెస్ట్‌ను ఈ చలికాలంలో కర్నూలులో ఒక చర్మవైద్యురాలి దగ్గర చేయించుకున్నాను. ఆమె పరీక్ష చేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. కొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను. కనురెప్పలు, చెవుల వెనుక, మెడ పక్కలు, వేళ్ళ సందులు నెలల తరబడి దురదపెడుతూ, క్రీము రాస్తే తగ్గి, మానేస్తే మళ్ళీ మొదలవుతున్నవాళ్ళు మందుల షాపుల చుట్టూ తిరగడం ఆపి ఈ పరీక్ష గురించి ఆలోచించాలి. నా విషయంలో దొరికింది ఘాటైన రసాయనమేమీ కాదు. పసిపిల్లల షాంపూల్లో సైతం వేసే, సున్నితమైనదని అందరూ నమ్మే కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే నురుగు పదార్థం.

అనంతపురంలో సుభాష్ రోడ్డు పక్క సందులో నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. ఉదయం నుంచి రాత్రి దాకా చేతులు తడిలోనే ఉంటాయి. తలలు కడగడం, ఫేషియల్‌కు ముందు ముఖాలు శుభ్రం చేయడం, రంగు వేసిన జుట్టును నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగడం. మా వృత్తిలో చేతులు పగలడం మామూలే అంటారు. నాకు వచ్చింది పగుళ్ళు మాత్రమే కాదు. ఉంగరం వేలి పక్కన సగ్గుబియ్యం గింజకన్నా సన్నని నీటి పొక్కులు వరుసగా లేచేవి. గోకితే చితికి, ఎండి, పొట్టు రాలేది. తర్వాత పై రెప్పలు ఎర్రబడి, ముడతలు పడి, ఉదయం లేవగానే ఉబ్బి ఉండేవి. మెడ మీద మాత్రం విచిత్రంగా రెండు పక్కలా చారల్లా వచ్చింది. తల కడిగినప్పుడు నురుగు ఏ దారిన జారుతుందో సరిగ్గా ఆ దారినే ఉన్నాయి ఆ చారలు.

దురద అనగానే మన ఇళ్ళలో మొదట తిండి మీద పడతారు. వంకాయ మానేయమన్నారు, గోంగూర మానేయమన్నారు, చేపలు మానేయమన్నారు. అనంతపురం జిల్లాలో పుట్టినదాన్ని, వేరుశెనగ కూడా మానేయమంటే ఇంకేం తినాలి? ఒక ల్యాబులో రక్తం తీసి అలర్జీ పరీక్షల జాబితా చేస్తామన్నారు. కర్నూలు డాక్టరు చెప్పాకే అది ఎందుకు పనికిరాదో అర్థమైంది. ఆ రక్తపరీక్షలు దుమ్ము, పుప్పొడి, తిండి లాంటివి తగిలిన కొద్దిసేపట్లోనే తుమ్ములో దద్దుర్లో తెప్పించే అలర్జీకి సంబంధించినవి. చర్మానికి వస్తువు తగిలి ఒకటి రెండు రోజుల తర్వాత లేచే ఎగ్జిమా, అంటే దురద పొక్కుల చర్మరోగం, వేరే దారిలో వస్తుంది. అది ఆ పరీక్షలు రక్తంలో వెతికే యాంటీబాడీల (రక్షణ ప్రోటీన్ల) పని కాదు, చర్మంలోకి వచ్చే తెల్లకణాల పని. అందుకే దాన్ని చర్మం మీదే పరీక్షించాలి.

ఈ ఆలస్యమే అసలు చిక్కు. సోమవారం తలస్నానం చేస్తే బుధవారం రెప్పలు ఉబ్బుతాయి. ఆ మధ్యలో ఎక్కడో పెళ్ళి భోజనం చేసి ఉంటాం, కొత్త చీర కట్టి ఉంటాం, ఎండలో తిరిగి ఉంటాం. నేరం వాటి మీదకు పోతుంది. రోజూ వాడే షాంపూ మీద ఎవరికీ అనుమానం రాదు. పైగా అది ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నదే అంటారు. ఎన్నో ఏళ్ళు వాడినవాటికి కూడా ఈ అలర్జీ వస్తుంది. శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకునేదాకా అది ఏమీ చేయదు. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక కొంచెం తగిలినా ఊరుకోదు.

అనంతపురంలో నేను మొదట చూపించుకున్న చోట ఈ పరీక్షకు కావలసిన పదార్థాల సెట్లు లేవు. ఆ విషయం సూటిగా చెప్పి, కర్నూలు వెళ్ళమని చీటీ రాసి ఇచ్చారు. అందుకు వారికి కృతజ్ఞతలు. గుత్తి, డోన్ మీదుగా బస్సులో పోతే సగం పూట ప్రయాణం. కర్నూలులో మా చిన్నమ్మ ఇల్లు ఉంది కాబట్టి నాకు సరిపోయింది. చుట్టాలు లేనివాళ్ళు ముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. అనుమానమున్న పదార్థాలు పెట్టిన పట్టీలను వీపు మీద అంటించే రోజు ఒకటి, 48 గంటల తర్వాత వాటిని తీసి చూసే రోజు ఒకటి, 96 గంటలప్పుడు మళ్ళీ చూసే రోజు ఒకటి. మా డాక్టరు సోమవారం అంటించి, బుధవారం తీసి, శుక్రవారం చివరిగా చూస్తారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు వాడే వస్తువులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నారు. షాంపూలు, ముఖానికి వాడేవి, గిన్నెలు తోమే సబ్బు, పళ్ళపేస్టు, తలనూనె, కాటుక, హెయిర్ డై, పార్లర్‌లో వేసుకునే గ్లోవ్స్, అన్నీ. టేబుల్ మీద పరిచి ఒక్కొక్క సీసా వెనక్కి తిప్పి చదివారు. ముందువైపు రాసినదాన్ని ఆమె అసలు పట్టించుకోలేదు. సల్ఫేట్ లేదని, కన్నీళ్ళు రావని, చర్మవైద్యులు పరీక్షించారని పెద్ద అక్షరాల్లో ఉన్నవన్నీ ముందువైపే ఉంటాయి. పదార్థాల పేర్లు వెనుక, చీమతలకాయంత అక్షరాల్లో.

ఆమె అనుమానాల వరుస కూడా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో చర్మవైద్యులు ఎలా ఆలోచిస్తారో దాన్నిబట్టి తెలుస్తుంది. మొదటి అనుమానం హెయిర్ డైలోని పీపీడీ అనే పారాఫినైలీన్ డైఅమీన్ మీద. పార్లర్‌వాళ్ళకు, రంగు వేసుకునేవాళ్ళకు అది బాగా తెలిసిన బెడద. రెండోది నికెల్, అంటే గిల్టు నగలు, హుక్కులు, కత్తెరలు. మూడోది వయ్యారిభామ. మన ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన, పొలాల గట్ల మీద తెల్లపూలతో పెరిగే ఆ కలుపు మొక్క పొడి గాలిలో ఎగిరి కనురెప్పలకు, మెడకు అంటుకుని ఇలాంటి ఎగ్జిమానే తెస్తుంది. రాయలసీమలో ముఖం, మెడ మీద దురదతో వచ్చేవాళ్ళను వయ్యారిభామ గురించి అడగకుండా పంపకూడదన్నారు. మన దేశంలో వాడే మామూలు ప్యాచ్ సెట్‌లోనే ఆ మొక్క సారం కూడా ఉంటుంది. ఇది నాకు చాలా సంతోషం కలిగించింది. ఎక్కడో చలిదేశంలో చేసిన జాబితాను యథాతథంగా మన వీపు మీద అంటించడం లేదన్నమాట.

అయితే నాకు అవసరమైనది ఆ మామూలు సెట్‌లో లేదు. షాంపూలు, క్రీముల్లో వాడే నురుగు పదార్థాలు, నిల్వ ఉంచే మందులు, వాసనలు వేరే సెట్‌గా వస్తాయి. కాస్మెటిక్ సెట్ అంటారు. నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. ఆ సెట్ కావాలంటే ముందే తెప్పించి పెడతారట. ఫోన్లో అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. పార్లర్ మూసి, బస్సెక్కి వెళ్ళాక ఇంకో వారం రమ్మన్నారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. సెట్లు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, అది కూడా ఫోన్లోనే చెప్పాలి.

ఇక పరీక్ష. వెడల్పాటి తెల్లని టేపు మీద చిన్న అల్యూమినియం గిన్నెలు వరుసగా అతికించి ఉంటాయి. ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్ల వెడల్పు, కందిగింజకు కాస్త పెద్దది. వాజలీన్‌లో కలిపిన పదార్థాలను సిరంజితో ఆ గిన్నెల్లోకి పిండుతారు. నీటిలో కలిపినవైతే చిన్న కాగితపు బిళ్ళ వేసి దాని మీద చుక్క వదులుతారు. నర్సు ఆ పని చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ప్రతి సిరంజి మీది అంకెను గట్టిగా చదివి, కాగితం మీద రాసి, అప్పుడే పిండింది. ఒక గిన్నెలో ఉత్త వాజలీన్, ఇంకొకదాంట్లో ఉత్త నీళ్ళు పెట్టింది. అడిగితే, టేపుకే చర్మం ఎర్రబడితే తెలియడానికి అంది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. తర్వాత వీపు మీద అంటించి, చుట్టూ పెన్నుతో గీతలు గీసింది.

నేను తెచ్చిన క్రీములను ఉన్నవి ఉన్నట్టుగానే పెట్టారు. షాంపూను, ఫేస్ వాష్‌ను మాత్రం అలా పెట్టలేదు. మూత పెట్టినట్టు బిగించి రెండు రోజులు ఉంచితే ఏ షాంపూ అయినా ఎవరి చర్మాన్నయినా కొరుకుతుంది, దాన్ని చూసి అలర్జీ అనుకోకూడదన్నారు. బాగా పలచన చేసి పెట్టారు. ఇంటర్నెట్‌లో చూసి షాంపూ చుక్క వేసి బ్యాండేజీ కట్టుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పట్టీలు తీసేదాకా, ఆ తర్వాత చివరి చూపు అయ్యేదాకా వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. చలికాలం కాబట్టి నెగ్గుకొచ్చాను. మన ఊళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో ఈ పరీక్ష పెట్టుకుంటే టేపు ఊడి చేతికి వస్తుంది. బరువులు ఎత్తకూడదు, వంగి ఊడవకూడదు. ఈ విషయం చిన్నమ్మకు చెప్పగానే ఇంట్లో నన్ను నీళ్ళ బిందె ముట్టుకోనివ్వలేదు. "నువ్వు కూర్చోమ్మా, ఆ గీతలు చెరిగిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది" అని రాత్రి వెల్లకిలా పడుకోకుండా పక్కన దిండు కూడా పెట్టింది. దురద ఉంటుంది, గోకకూడదు. నిజంగా కష్టమైనది అదే.

బుధవారం పట్టీలు తీశాక కాసేపు బయట కూర్చోబెట్టారు. టేపు ఒత్తిడికి వచ్చిన ఎరుపు తగ్గాక చూడాలట. బయట కూర్చోవడానికి చోటు లేదు. వీపు మీద పలచని గుడ్డ కప్పుకున్న ఆడవాళ్ళం మగ రోగుల మధ్య నిలబడవలసి వచ్చింది. ఒక తెర వేస్తే సరిపోతుంది. ఇది నా రెండో ఫిర్యాదు.

అప్పుడు మూడు చోట్ల ఎర్రగా ఉంది. నికెల్ దగ్గర స్పష్టంగా, పరిమళాల మిశ్రమం దగ్గర కొంచెం, కోకమిడోప్రొపైల్ బీటైన్ దగ్గర లేత గులాబీ రంగులో కొంచెం. ఆ రోజే తీర్పు చెప్పమని నేను తొందరపడ్డాను. డాక్టరు చెప్పలేదు. ముఖ్యంగా బీటైన్ విషయంలో తొందర పనికిరాదన్నారు. అది నురుగు పదార్థం కాబట్టి మూసి ఉంచిన చోట ఊరికే చర్మాన్ని రేపి, అలర్జీలా కనబడే ఎరుపు తెస్తుంది. అలాంటి ఎరుపు పట్టీ తీశాక రోజు రోజుకూ వాడిపోతుంది. అలర్జీ ఎరుపు పట్టీ తీశాక ఇంకా పెరుగుతుంది. రెండో చూపు లేకుండా ఈ రెంటినీ వేరు చేయలేం.

శుక్రవారం రెండు అద్దాలు పెట్టి నా వీపు నాకే చూపించారు. పరిమళాల దగ్గర ఎరుపు దాదాపు పోయింది. బీటైన్ దగ్గర గుండ్రంగా, బిళ్ళంత మేర చర్మం ఉబ్బి, మీద ఆవగింజల్లాంటి పొక్కులు లేచాయి. నా వేలు పట్టుకుని దాని మీద పెట్టించారు. చుట్టూ చర్మం నున్నగా ఉంటే అక్కడ మాత్రం గట్టిగా, గరుకుగా తగిలింది. అచ్చం నా ఉంగరం వేలి పక్కన ఉండేలాగే. కాగితం మీద రెండు ప్లస్ గుర్తులు వేశారు, అంటే గట్టి అలర్జీ అని. పీపీడీ దగ్గర ఏమీ లేదు, వయ్యారిభామ దగ్గర ఏమీ లేదు.

నికెల్ కూడా ప్లస్సే కదా అని అడిగాను. నికెల్ పడకపోవడం నిజమే, చిన్నప్పుడు గిల్టు కమ్మలకు చెవులు చీము పట్టడం అందువల్లే, కానీ ఇప్పుడు రెప్పల మీద, మెడ చారల్లో ఉన్నది దానివల్ల కాదని చెప్పారు. పట్టీ కింద ఎర్రబడినదల్లా ప్రస్తుత రోగానికి కారణం కాదు. రోగి జీవితంతో దాన్ని కలిపి చూడాలి. ఈ పరీక్షలో డాక్టరు పనితనం అంతా ఇక్కడే ఉంది. పట్టీ అంటించి, ప్లస్సులు లెక్కపెట్టి, జాబితా చేతికిచ్చి పంపేచోటికి వెళ్ళి డబ్బు ఖర్చు పెట్టకండి.

ఇప్పుడు ఆ బీటైన్ సంగతి. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలను డీఎంఏపీఏ అనే రసాయనంతో కలిపి, తర్వాత ఇంకో మెట్టు దాటించి దీన్ని తయారు చేస్తారు. చర్మాన్ని ఎండబెట్టే సోడియం లారిల్ సల్ఫేట్ లాంటివాటితో పోలిస్తే ఇది నిజంగానే మృదువు. కళ్ళు మండవు, నురుగు బాగా వస్తుంది, ఘాటైన పదార్థాలతో కలిపితే వాటి ఘాటు కూడా తగ్గుతుంది. అందుకే సల్ఫేట్ ఉన్న షాంపూల్లోనూ ఉంటుంది, లేనివాటిలోనూ ఉంటుంది. తయారీలో మిగిలిపోయే డీఎంఏపీఏ, అమిడోఅమీన్ అనే మలినాలే ఎక్కువమందిలో అలర్జీకి కారణమని చెబుతారు. బాగా శుద్ధి చేసిన సరుకులో అవి తక్కువ. ఒకే పేరు రాసి ఉన్న రెండు సీసాల్లో ఒకటి పడి, ఇంకొకటి పడకపోవడానికి అదొక కారణం. 2004లో అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అనే చర్మవైద్యుల సంఘం దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. అంటే వైద్యులకు ఇది కొత్త విషయం కాదు. మన షాపుల్లో సీసాలు కొనేవాళ్ళకే ఇంకా చేరలేదు.

మంట పెట్టకపోవడం వేరు, అలర్జీ తేకపోవడం వేరు. ఊరంతటితో మెత్తగా ఉండే మనిషిని చూసి కూడా ఒక్క ఇంటి కుక్క మాత్రం మొరుగుతుంది. ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండటమే మార్గం, ఆ మనిషి చెడ్డవాడని కాదు. ఈ పదార్థం ఎక్కువమందికి ఏ హానీ చేయదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ అవే షాంపూలు వాడుతున్నాను. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరికి పడదో వాళ్ళకు మాత్రం, అది మృదువైనదన్న మాట ఏ విధంగానూ రక్షణ ఇవ్వదు. ఇంకా ఇబ్బందే, ఎందుకంటే చర్మం పాడవగానే అందరూ ఇచ్చే సలహా ఇంకా సున్నితమైనదానికి మారమనే. మారిన ప్రతి సీసాలోనూ అదే ఉంటుంది.

దీనికి బదులుగా కొన్ని కంపెనీలు డెసిల్ గ్లూకోసైడ్, లారిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ వాడుతున్నాయి. చక్కెర నుంచి, మొక్కల నూనెల నుంచి వచ్చినవని గొప్పగా రాస్తారు. నాకు పడ్డాయి. అయితే ఆ కుటుంబానికి కూడా 2017లో అదే సంఘం అదే బిరుదు ఇచ్చింది. అవి కొన్ని సన్‌స్క్రీన్లలో సైతం కనబడకుండా ఉంటాయని డాక్టరు చెప్పారు. టినోసార్బ్ ఎం అనే, ఎండను అడ్డుకునే పదార్థంలో డెసిల్ గ్లూకోసైడ్ కలిసే వస్తుంది. సన్‌స్క్రీన్ రాసుకుంటే ముఖం ఎర్రబడేవాళ్ళు ఈ సంగతి వైద్యులకు చెప్పి చూపించుకోవాలి.

పరీక్ష అయ్యాక ఇచ్చిన కాగితం ఇంగ్లిషులో ఉంది. నేను చదవగలను. నా పార్లర్‌లో సాయం చేసే అమ్మాయి చదవలేదు, మా అత్తమ్మ చదవలేదు. అడిగితే డాక్టరు పేర్లను తెలుగు అక్షరాల్లో రాసిచ్చారు, అది ఆమె మంచితనం. కానీ అడగకుండానే ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి. కర్నూలు, నంద్యాల, ఆదోని పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఎంతమంది అలా అడుగుతారు? పేరు తెలియడమే ఈ పరీక్ష ఇచ్చే ఫలితం. ఆ పేరు చదవలేకపోతే చేసిన ఖర్చంతా వృథా. ఆమె ఇచ్చిన చిట్కా మాత్రం అందరికీ పనికొస్తుంది: నాలా బీటైన్ పడనివాళ్ళు పేరులో ‘అమిడోప్రొపైల్’ అన్న ముక్క ఉన్నవాటన్నిటినీ అనుమానించాలి. కండిషనర్లలో స్టియరమిడోప్రొపైల్ డైమిథైలమీన్ అని ఉంటుంది, అదీ దీని చుట్టమే.

అత్తమ్మకు కాగితం చదివి వినిపిస్తే ఆమెకు కొబ్బరి ఒక్కటే వినబడింది. "అయితే కొబ్బరి చట్నీ మానేయాలా? తలకు కొబ్బరినూనె కూడా రాసుకోకూడదా?" అని కంగారు పడింది. అవసరం లేదు. ఇది కొబ్బరి అలర్జీ కాదు. కొబ్బరి నుంచి మొదలైనా చివరికి తయారయ్యేది వేరే పదార్థం. తలకు కొబ్బరినూనె రాసుకుంటున్నాను, చట్నీ తింటున్నాను, ఏమీ కాలేదు.

ఇంటికి వచ్చాక నేను చేసిన పని మా వీధిలోని ఫ్యాన్సీ షాపులో సీసాలు తిప్పి చదవడం. షాపు ఆయన విసుక్కోకుండా ఫోన్ టార్చి వేసి పట్టుకున్నాడు. పిల్లల షాంపూలు, మొటిమలకు వాడే ఫేస్ వాష్‌లు, చేతులు కడిగే ద్రవాలు, వేపాకు బొమ్మ ఉన్నవి, కలబంద బొమ్మ ఉన్నవి, చాలావాటిలో ఆ పేరు ఉంది. ఆకుల బొమ్మ వేసినంత మాత్రాన నురుగు ఆకుల నుంచి రాదు. పళ్ళపేస్టుల్లో కూడా కొన్నిటిలో ఉంది. నా పెదవుల మూలలు ఎప్పుడూ పగిలి ఉండటానికి కారణం చలి అనుకునేదాన్ని. ఆ పేరు లేని పేస్టుకు మారాక పగుళ్ళు మానిపోయాయి.

షాపు గుమ్మానికి తోరణాల్లా వేలాడే షాంపూ ప్యాకెట్ల దగ్గర నా పని ఆగిపోయింది. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం సబ్బులు, షాంపూల మీద పదార్థాల పేర్లు రాయాలి. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా, ఆ తర్వాత మిగిలినవాటిని. కానీ 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉండే ద్రవాలకు, 30 గ్రాముల కంటే తక్కువ ఉండే మిగతా ప్యాకింగులకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. మన ఊళ్ళలో, పల్లెల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లే. పెద్ద సీసా కొనగలిగిన మనిషికి చదివే హక్కు ఉండి, ప్యాకెట్ కొనే కూలీ మనిషికి లేకపోవడం నాకు ఏ మాత్రం న్యాయంగా కనబడలేదు. కొన్ని కంపెనీలు ప్యాకెట్ల మీద కూడా పేర్లు వేస్తున్నాయి. చేయాలనుకుంటే చోటు సరిపోతుందని దాన్నిబట్టే తెలుస్తోంది. మిగిలినవాళ్ళు కనీసం ఆ తోరణం కట్టే అట్ట మీదైనా అచ్చు వేయాలి.

ఇప్పుడు నేను వాడేవి చెబుతాను. ఇది సలహా కాదు, నాకు పడినవి ఇవి. ఒంటికి మామూలు బిళ్ళ సబ్బు, పేర్లలో సోడియం పామేట్, సోడియం కోకోయేట్ లాంటివి ఉండి అమిడోప్రొపైల్ లేనిది. సబ్బు చర్మాన్ని ఎండబెడుతుంది, మా బోరు నీటిలో సరిగ్గా నురగదు, తెల్లగా చర్మం మీద మిగులుతుంది. అందుకే స్నానానికి కుళాయి నీళ్ళు పట్టుకుంటాను, తుడుచుకోగానే చేతులకు పెట్రోలియం జెల్లీ రాస్తాను. తలకు కుంకుడుకాయ. గింజలు తీసి, రాత్రి నానబెట్టి, పిసికి, పలచని గుడ్డలో వడగట్టాలి. నలుసులు మిగిలితే తలలోనే ఉండిపోతాయి. కుంకుడురసం కంట్లో పడితే మంట ఎలా ఉంటుందో మన తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మంట పెట్టే ఆ కుంకుడు నాకు పడింది, మంట పెట్టని షాంపూ పడలేదు. అయితే పగిలిన చర్మం మీద, చంటిపిల్లల తలకు కుంకుడు వాడమని నేను ఎవరికీ చెప్పను. మొక్కల నుంచి వచ్చినవి కూడా పడకపోవచ్చు, వయ్యారిభామ మొక్క కాదా?

రెప్పలు కొన్ని వారాల్లోనే మామూలుగా అయ్యాయి. మెడ మీద చారలు రంగు మాత్రం వదలడానికి సమయం తీసుకున్నాయి. చేతులు అన్నిటికంటే నెమ్మది, ఎందుకంటే పార్లర్ పని మానలేను. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని తలలు కడుగుతున్నాను. మామూలు రబ్బరు గ్లోవ్స్‌లో రబ్బరు తయారీకి వాడే థయురాం లాంటివి ఉంటాయి, అవి కూడా అలర్జీ తెప్పించేవే. అందుకే పగిలిన చేతులకు వాటిని డాక్టరు వద్దన్నారు. గ్లోవ్ లోపలికి నీళ్ళు పోతే వెంటనే మార్చాలి. తడి గ్లోవ్‌లో చెయ్యి ఉంచడం కంటే ఉత్త చెయ్యే మేలు.

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి ఫేషియల్‌కు వచ్చింది. రెప్పలు అచ్చం నావి ఒకప్పుడు ఉన్నట్టే ఉన్నాయి. బుగ్గలు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతూ, సన్నని రక్తనాళాలు కనబడుతున్నాయి. హాస్టల్ పక్క మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తోందట. చూస్తే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసినది. అలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, ముఖానికి నెలల తరబడి రాయనే కూడదు. రాసినన్నాళ్ళు దురద కనబడదు, లోపల చర్మం పలచబడుతుంది, అసలు కారణం షాంపూ సీసాలో హాయిగా ఉంటుంది. ఫేషియల్ చేయనని చెప్పి, ఆ అమ్మాయిని చర్మవైద్యుల దగ్గరికి పంపాను. నేను రోగం పేరు చెప్పలేదు. అది నా పని కాదు. "నీ షాంపూ, ఫేస్ వాష్, పేస్టు అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళు తల్లీ" అని మాత్రం చెప్పాను.

ఈ పరీక్షకు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే ఫోన్ చేసి అడగవలసినవి ఉన్నాయి. కాస్మెటిక్ సెట్ ఉందా, 96 గంటలప్పుడు రెండోసారి చూస్తారా, ఏ సెట్‌కు ఎంత ఖర్చు. రెండోసారి చూసేది లేదని చెబితే మాత్రం అక్కడికి వెళ్ళకండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే, వీపు మీద స్టెరాయిడ్ క్రీము రాస్తుంటే, వీపు ఎండకు కమిలి ఉంటే, గర్భంతో ఉంటే ముందే చెప్పాలి, వాయిదా వేస్తారు. వేసుకున్న మందు సొంతంగా ఆపేయకూడదు, వాళ్ళనే అడగాలి. పాత, వదులు చొక్కా లేదా నైటీ వేసుకుని వెళ్ళండి, గీతలు గీసే పెన్ను మరక ఉతికినా పోదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.